డీకన్ ఒనెజీమ్ చేసుకోలేని పెళ్ళి

మా తమ్ముడు ఒనెజీమ్ గురించి మా ఊరు సెంట్ ఓడిల్‌లో ఎవరిని అడిగినా దేవుడిలాంటి మనిషి అంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. దేవుడూ కాదు, దేవదూతా కాదు, వాడు ఉత్త మనిషి. కాగితం మిల్లులో పని చేసి చేసి ఒక చెవికి వినికిడి పోగొట్టుకున్నాడు. పేకాటలో దొంగాట ఆడతాడు. ఉల్లిపాయ వెయ్యని కూర ముట్టడు. ఆ ఉత్త మనిషికి మళ్ళీ పెళ్ళి చేసుకోవాలని ఒక ఉత్త కోరిక కలిగింది. అది తీరలేదు. ఎందుకు తీరలేదో ఊళ్ళో ఎవరికి తోచినట్టు వాళ్ళు చెప్తున్నారు కాబట్టి, జరిగింది నేను చెప్తాను. నాకు ఎనభై దాటాయి. ఇప్పుడు నన్ను నోరు మూసుకోమనే ధైర్యం ఎవరికీ లేదు.

మా తాతల కాలంలో పెళ్ళైనవాడు బలిపీఠం దగ్గర నిలబడటమే లేదు. మా కాలానికి కతోలిక తిరుసభ ఆ తలుపు కొంచెం తెరిచింది. పెళ్ళాం పిల్లలు ఉన్నవాడు కూడా డీకన్ కావచ్చు అంది. డీకన్ అంటే ఫాదర్ కాదు. పసిపిల్లలకు జ్ఞానస్నానం ఇస్తాడు, పెళ్ళిళ్ళు జరిపిస్తాడు, ప్రసంగం చెప్తాడు, పోయినవాళ్ళను సాగనంపుతాడు. అంతవరకే. పూజ చెయ్యలేడు, పాపసంకీర్తనం విని క్షమించలేడు, జబ్బుపడ్డవాళ్ళకు తైలం పూయలేడు. ఇంకొకటి కూడా ఉంది. ఇంట్లో భార్య ఉండవచ్చు గానీ, ఆ భార్య పోతే మళ్ళీ పెళ్ళి చేసుకోకూడదు.

ఈ సంగతి వాళ్ళకు ముందే చెప్పారు. శిక్షణకు భార్యలను కూడా రమ్మనేవారు. భార్య నోరారా ఒప్పుకుంటేనే భర్తకు అభిషేకం. ఒక శనివారం పాఠంలో ఈ నియమం చదివి వినిపిస్తే, గదిలో ఉన్న జంటలన్నీ నవ్వాయట. అందరికంటే గట్టిగా నవ్వింది మా మరదలు రోజెమే. ఆ సాయంత్రం నా వంటింట్లో కూర్చుని అదే చెప్పుకుని మళ్ళీ నవ్వింది.

"నా తర్వాత ఈయనకి ఇంకెవరూ దిక్కుండరట వదినా. పోన్లే, ముందు పోయేది ఈయనేగా. ఆ గురకకి ఊపిరి ఎన్నాళ్ళాడుతుంది?"

"నువ్వే ముందు పోతే?" అన్నాను నేను, నా నోటికి తాళం లేదు కదా.

"నేనా? నాకెక్కడ తీరిక?"

అక్కడ నవ్విన జంటలన్నీ అలాగే అనుకుని ఉంటాయి. మగవాళ్ళే ముందు పోతారని, మా లోయలో ఏ సమాధుల దొడ్డి చూసినా తెలుస్తుంది. మిల్లులో కొందరు, అడవిలో కొందరు, నదిలో కొందరు. అందుకని ఆ నియమం ఎవరికో వేరేవాళ్ళకు రాసిందనుకున్నారు. అభిషేకం రోజున ఒనెజీమ్ బిషప్ గారి ముందు చర్చి నేల మీద బోర్లా పడుకుంటే, మొదటి బల్లలో రోజెమే చంటిపిల్లను ఒళ్ళో పెట్టుకుని ఎంత గర్వంగా కూర్చుందో నా కళ్ళతో నేను చూశాను.

ఆ చంటిపిల్ల ఇంకా బడికి పోకముందే రోజెమే పోయింది. బట్టలు ఆరేస్తుండగా తలలో నరం చిట్లింది. ఆరేసిన దుప్పటి చేత్తో పట్టుకునే పడిపోయింది. పెద్దది మిరేయ్ కిటికీలోంచి చూసి, అమ్మ ఆడుకుంటోందనుకుందట.

ఆ ఇంటిని నిలబెట్టింది లియోనా. రెండిళ్ళ అవతల ఉండేది. దుంగల లారీ కింద పడి భర్త పోయాడు, రెజిస్ అని ఒక్క కొడుకు. బడిలో పిల్లలకు వంట చేసేది. మొహం మీద కొట్టినట్టు మాట్లాడేది, అందుకే నాకు నచ్చింది. మా వాడు పిల్లలకు జడలు వెయ్యలేక మిల్లులో తాడు ముడి వేసినట్టు వేసి పంపిస్తుంటే చూడలేక, పొద్దున్నే వచ్చి తనే వేసేది. తర్వాత ప్లోయ్‌లు పోసి పెట్టేది. బక్‌వీట్ పిండితో ఒకవైపే కాల్చే అట్లు అవి, మా ఇళ్ళలో రోజూ ఉండేవే. లియోనా చేతివి మాత్రం పిల్లలు లెక్క చూసుకోకుండా తినేవాళ్ళు. రెండేళ్ళు గడిచాయి. మా వాడు ఆదివారం ప్రసంగంలో ఒక నవ్వొచ్చే మాట చెప్పి మూడో బల్ల వైపు చూశాడు. మూడో బల్లలో ఎవరు కూర్చుంటారో నాకు తెలుసు.

"ఎప్పట్నించిరా ఇది?" అని ఇంటికొచ్చాక అడిగాను.

వాడు బుకాయించలేదు. "తెలీదు క్లోరిండ్. చిన్నదానికి జ్వరమొచ్చినప్పుడు లియోనా వచ్చి కూర్చుంది కదా. జ్వరం తగ్గి, ఇక వెళ్తానంది. వెళ్ళొద్దని చెప్పాలనిపించింది."

"చెప్పావా?"

"లేదు. వాళ్ళ వాకిట్లో మంచు ఎత్తి పోశాను."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అప్పుడు మా చర్చికి ఫాదర్ లజ్వా ఉండేవారు. ముసలాయన, మెత్తని మనిషి, కళ్ళు సరిగ్గా కనిపించేవి కావు. మా వాడు ఆయన దగ్గరకు వెళ్ళి ఉన్నదంతా చెప్పాడు. దారి ఉందన్నారాయన. రోమ్‌కు రాసుకుంటే అరుదుగా అనుమతి ఇస్తారట. పిల్లలు చిన్నవాళ్ళై ఉండాలి, లేదా ఈ డీకన్ సేవ లేకపోతే ఆ చోట జరగదని తేలాలి. "నీ గురించి, నువ్వు చేసే పని గురించి నువ్వే వివరంగా రాసివ్వు ఒనెజీమ్, నేను పైకి పంపిస్తాను" అన్నారు. ఫాదర్ కూడా తన మాటగా మంచిగా రెండు ముక్కలు రాశారు. మా వాడు రాసింది మాత్రం ఆయన చదవలేదు. చదవగలిగే కళ్ళు ఆయనకు లేవు. నాకు చూపించమంటే వాడు సిగ్గుపడి చూపించలేదు.

ఆ ఏడాది ఇద్దరూ ఎంత జాగ్రత్తగా ఉన్నారంటే చూసేవాళ్ళకు జాలేసేది. పిల్లలు బడికి వెళ్ళేలోపే లియోనా వచ్చి, వాళ్ళతోపాటే బయటికి వెళ్ళిపోయేది. ఊళ్ళో ఆడవాళ్ళు ఊరుకుంటారా? డీకన్ గారి ట్రక్కు ఎవరి వాకిట్లో ఉంది, ఎంతసేపుంది అని కర్టెన్లు తొలగించి చూసేవాళ్ళు. చర్చి భోజనాల్లో లియోనా చేసిన మాంసం కూరిన రొట్టె రెండోసారి వడ్డించుకుంటూ మరీ గుసగుసలాడేవాళ్ళు. "తినేది మింగి మాట్లాడండమ్మా, గొంతుకడ్డం పడుతుంది" అని నేనొకసారి అన్నాను. అప్పట్నుంచి నా ముందు మానేశారు.

మరుసటి ఎండాకాలం జవాబొచ్చింది. వద్దన్నారు. పిల్లల సంగతి ఆలోచించారట గానీ, చూసుకునే మేనత్త పక్కనే ఉందన్నారు. ఆ మేనత్తను నేనే. ఇక ఇతని సేవ ఆ చోటికి తప్పనిసరి అని తేలలేదన్నారు.

"తేలలేదా?" అన్నాను. వాడు నా వంటింట్లో టోపీ చేతిలో పట్టుకుని నిలబడి ఉన్నాడు. "మిల్లు మూతపడ్డప్పుడు ఇంటింటికీ తిరిగింది ఎవరు? వారం వారం ఆసుపత్రికి సత్ప్రసాదం పట్టుకెళ్ళేది ఎవరు? ఫాదర్‌కి అక్షరాలు కనిపించకపోతే పక్కన నిలబడి చదివి వినిపించేది ఎవరు? అసలు నువ్వేం రాశావురా?"

"నిజమే రాశాను."

"ఏం నిజం?"

"నేను చేసేది పెద్ద పనేం కాదని. నా చోట ఎవరున్నా చేస్తారని. దేవుడు ఈ ఊరిని నా ఒక్కడి మీద నిలబెట్టలేదని."

నాలుగేళ్ళ శిక్షణలో వాడికి నేర్పింది అదే. నిన్ను నువ్వు పొగుడుకోకు, సేవకుడివి, చేసింది చెప్పుకోకు. బళ్ళో మంచి పిల్లవాడిలా వాడు దాన్ని గుండెకు ఎక్కించుకున్నాడు. కాగితం మీద ఎప్పుడు గొప్పలు రాసుకోవాలో ఎప్పుడు రాసుకోకూడదో అక్కడ ఎవరూ నేర్పలేదు.

"ఓరి పిచ్చివాడా, దేవుడి ముందు తల వంచుకున్నట్టు ఆఫీసు ముందు కూడా వంచుకుంటారట్రా?"

"రెంటి ముందూ రెండు రకాలుగా ఎలా చెప్పను?"

ఈ మాట ఊళ్ళోవాళ్ళకు తెలిసింది. ఎంత వినయం, ఎంత వినయం అని మెచ్చుకున్నారు. లియోనా మాత్రం మెచ్చుకోలేదు. నా దగ్గరకు వచ్చి, "మీ తమ్ముడు నన్ను అడిగినప్పుడు కూడా ఇంతే. 'నాలో ఏముందని' అన్నాడు. అప్పుడే నాకు భయం వేసుండాల్సింది" అంది. అని, ఆ రోజు నా ముందే మొదటిసారి ఏడ్చింది.

మళ్ళీ రాద్దామన్నారు ఫాదర్ లజ్వా. ఈసారి తనే పక్కన కూర్చుని రాయిస్తానన్నారు. రాయించకముందే పక్షవాతం వచ్చి పోయారు. ఆయన తర్వాత మా చర్చికంటూ ఫాదర్ లేరు. అయిదు ఊళ్ళకు కలిపి ఒకరిని వేశారు, ఆయన ఎప్పుడూ దారిలోనే ఉండేవారు. నియమాలు బిగించారని, పిల్లలు కూడా ఎదిగారు కాబట్టి ఇక ఆశ పెట్టుకోవద్దని ఆయనే మెల్లగా చెప్పారు. మిగిలిన దారి ఒక్కటే. డీకన్ పదవి వదిలేసి మామూలు మనిషిగా పెళ్ళి చేసుకోవటం.

వాడు ఏం తేల్చుకున్నాడో చెప్పటానికి లియోనా ఇంటికి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. నేనూ లియోనా కూరకని నది ఒడ్డున కోసుకొచ్చిన ఫెర్న్ చిగుళ్ళు బాగుచేస్తున్నాం. నేను లేచి వెళ్ళబోయాను.

"నువ్వు కూర్చో క్లోరిండ్" అంది లియోనా. "నువ్వు లేకపోతే ఈయన సగం మింగేస్తాడు. చెప్పు ఒనెజీమ్. నిలబడే చెప్పు."

వాడు టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నేలమీద బోర్లా పడుకుని మాటిచ్చాను లియోనా. మాటిచ్చింది నేనొక్కణ్ణే అయితే వెనక్కి తీసుకునేవాణ్ణేమో. రోజెమే కూడా ఇచ్చింది. నవ్వుతూ ఇచ్చింది. ఇప్పుడు ఆవిడ లేదు. ఆవిడ మాట నేనెలా వెనక్కి తీసుకోను?"

లియోనా చేతిలో చిగురు అలాగే పట్టుకుంది. "బతికున్నదాంతో అయితే పోట్లాడేదాన్ని" అంది. "చచ్చిపోయినామెతో నేనేం పోట్లాడను?"

"నన్ను తిట్టు."

"తిడితే నీకు తేలికవుతుంది. నేను తిట్టను. వెళ్ళు."

వాడు వెళ్ళాక ఆమె మిగిలిన చిగుళ్ళన్నీ బాగుచేసింది. నేను వాణ్ణి నానా మాటలూ అన్నాను, రోజెమేని కూడా అన్నాను, దేవుడు నన్ను క్షమించాలి. లియోనా ఒక్క మాట కూడా కలపలేదు. ఆ ఏడాది పడిన మంచును వాడు తన వాకిటి కన్నా ముందు ఆమె వాకిట్లో ఎత్తి పోశాడు. ఆమె తలుపు సందులోంచి గిన్నెలో ప్లోయ్‌లు అందించేది. లోపలికి రమ్మనేది కాదు, వాడు వచ్చేవాడు కాదు. ఆదివారం పూజలో వాడు ద్రాక్షరసం పాత్ర పట్టుకుని నిలబడితే వరసలో వచ్చేది. "క్రీస్తు రక్తం" అనేవాడు వాడు. "ఆమెన్" అనేది ఆమె. కొన్ని వారాలు వాళ్ళిద్దరి మధ్యా ఆ రెండు ముక్కలే. మా ఆయనతో నేను అంతకంటే ఎక్కువ పోట్లాడుకునేదాన్ని ఒక్క పూటలో. ఆ పోట్లాట కూడా లేకుండా వాళ్ళ వయసు గడిచిపోయింది, పిల్లలు పెళ్ళిళ్ళై వెళ్ళారు, మా ఆయన పోయాడు, మేమంతా ముసలివాళ్ళమయ్యాం.

మొన్న చలికాలంలో లియోనాకు పొట్టలో జబ్బని తెలిసింది. చేసేదేమీ లేదన్నారు. ఆసుపత్రిలో ఉండనని ఇంటికి వచ్చేసింది. మార్చి నెలలో మంచు తుఫాను పట్టుకున్న రోజున ఆమెకు ఊపిరి కష్టమైంది. మధ్యాహ్నానికే చీకటి పడినట్టయింది. రెజిస్ ఫోను మీద ఫోను చేస్తున్నాడు. ఇప్పటి మా ఫాదర్ చినేదు నైజీరియా నుంచి వచ్చారు, మంచు అంటే ప్రాణం పోతుంది పాపం, అయినా బయలుదేరారు. దారిలో బండి గుంటలో దిగబడిందని, మంచు తోసే బండి వస్తేగాని కదలలేనని కబురొచ్చింది.

ఒనెజీమ్ నడుచుకుంటూ వచ్చాడు. కోటు కింద సత్ప్రసాదం డబ్బీ, భుజం మీంచి వాలుగా డీకన్ వేసుకునే పట్టీ. ఎన్నో ఏళ్ళ తర్వాత ఆ ఇంటి గడప దాటాడు.

రెజిస్ వాడి చేతులు పట్టుకున్నాడు. "అమ్మ తైలం అడుగుతోంది. పాపసంకీర్తనం కావాలంటోంది. మీరే కానివ్వండి. ఎవరికి తెలుస్తుంది?"

"నేను చెయ్యలేను బాబూ. నాకా అధికారం లేదు."

నాకు కోపం తలకెక్కింది. "వంటింట్లో నూనె ఉంది. తెచ్చి పూయరా. దేవుడేమైనా నీ లైసెన్సు చూస్తాడా? ఈ పట్టీ కోసం ఆమెను వదులుకున్నావు కదా. ఇవాళ ఆమెకు కావల్సిన ఒక్క పని చెయ్యటానికి కూడా ఇది పనికిరాదా?"

అలా అన్నాను. అనకుండా ఉండాల్సింది అని ఇప్పటికీ అనుకోను. పనికిరాదని వాడికి నా కన్నా బాగా తెలుసు.

"ఆయన జోలికి పోకు క్లోరిండ్" అంది లియోనా మంచంలోంచి. గొంతు నూలుపోగంత ఉంది. "ఏది చెయ్యగలడో ఏది చెయ్యలేడో నాకు తెలుసు. ఉత్తుత్తి నూనె నాకొద్దు. సత్ప్రసాదం ఇవ్వు ఒనెజీమ్."

వాడు ఆమె పక్కన మోకరించి, ఆ అప్పంలో చిన్న ముక్క తుంచి నాలుక మీద పెట్టి, చెంచాతో నీళ్ళు పట్టాడు. ప్రార్థన పూర్తిచేశాడు. లేవబోతుంటే ఆమె పట్టీ అంచు పట్టుకుంది.

"ఇది తీసెయ్యి. కాసేపు ఊరికే కూర్చో."

వాడు తీసి నాకిచ్చాడు. మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. నేను రెజిస్‌ను వంటింట్లోకి లాక్కొచ్చి తలుపు చేరవేశాను. ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఒకసారి నవ్వు వినిపించింది. ఫాదర్ చినేదు మోకాళ్ళదాకా మంచుతో తలుపు తట్టేసరికి లియోనా పోయింది. పోయినవారికి తైలం పూయరు. ఆ నల్లని పెద్ద మనిషి గుమ్మంలో నిలబడి, "నన్ను క్షమించమ్మా, క్షమించు" అంటూ ఏడ్చారు.

మా దగ్గర చలికాలంలో పోయినవాళ్ళను వెంటనే పాతిపెట్టం. నేల రాయిలా గడ్డకట్టి ఉంటుంది. పూజ జరిపి, పెట్టెను సమాధుల దొడ్డిలో రాతి గదిలో ఉంచుతాం. మే నెలలో నేల మెత్తబడ్డాక గుంట తీస్తాం. మే వచ్చేసరికి ఫాదర్ చినేదు సెలవు మీద వాళ్ళ దేశం వెళ్ళారు. పాతిపెట్టడం డీకన్ పని. ఇంకెవరినైనా పిలుద్దామని రెజిస్ అన్నాడు. మా వాడు వద్దన్నాడు.

రెజిస్, అతని భార్య, నేను, గుంట తీసిన మనిషి. అంతే ఉన్నాం. లియోనా భర్త పక్కనే గుంట తీశారు. ఒనెజీమ్ తెల్లటి అంగీ మీద పట్టీ వేసుకుని పుస్తకం తెరిచాడు. ప్రార్థనలో పోయినవాళ్ళ పేరు చెప్పే చోటొకటి ఉంటుంది. అక్కడికి వచ్చి ఆగిపోయాడు. గాలికి పుట తిరగబడింది, మళ్ళీ సరిచేసుకున్నాడు. గుంట తీసిన మనిషి టోపీ తీసి నిలబడ్డాడు. ఈ ఒక్కసారికి ఆ పుస్తకం మూసెయ్యరా అని లోపల్లోపల అరిచాను.

వాడు మూయలేదు. "మన సోదరి లియోనాను నీ చేతుల్లో ఉంచుతున్నాం ప్రభువా" అని, ఉన్నది ఉన్నట్టు, వినిపించేలా చదివాడు. చివరిదాకా చదివాడు. పవిత్ర జలం చల్లాడు. రెజిస్ భుజం తట్టాడు.

కారు దాకా నా చెయ్యి పట్టుకుని నడిపించాడు. నేను ఊరుకోలేకపోయాను.

"ఆ ఒక్క మాట దాటేస్తే ఏం పోయేదిరా? సోదరేమిటి? నీకు సోదరిని నేను."

వాడు కారు తలుపు తెరిచి, నేను ఎక్కేదాకా పట్టుకుని నిలబడ్డాడు.

"ఏమని పిలవను క్లోరిండ్?" అన్నాడు. "ఇంకో మాట రోమ్‌ను అడిగాను. ఇవ్వలేదుగా."